మూల కలవని గోడలకు కార్నిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఇంటీరియర్ పని మొదలుపెట్టారంటే మూడో వారానికల్లా నాకొక ఫోటో వస్తుంది. సీలింగ్ మూలలో రెండు కార్నిస్ (గోడ, సీలింగ్ కలిసే చోట వేసే డిజైన్ పట్టీ) ముక్కలు, వాటి మధ్య చిటికెన వేలు దూరేంత సందు. కింద ప్రశ్న కూడా మారదు: "ఇలా ఎందుకయిందండీ?"

నేను కార్పెంటర్‌ని కాదు. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర మా ఫ్లాట్‌లోనూ, తర్వాత మా బావమరిది ఇంట్లోనూ సొంతంగా కార్నిస్ బిగించి, పాడుచేసి, పీకి, మళ్లీ బిగించినవాణ్ణి. అడిగినవాళ్లందరికీ చెప్పిందే చెప్పీ చెప్పీ, ఇక ఒకచోట రాసి పెడదామనిపించింది. ఎవరికి ఏది కావాలో నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

క్రౌన్ మోల్డింగ్, కార్నిస్, బీడింగ్ అన్నీ ఒకటేనా?

గోడ, సీలింగ్ కలిసే చోట ఏటవాలుగా కూర్చునే డిజైన్ పట్టీని ఇంటర్నెట్‌లో క్రౌన్ మోల్డింగ్ అంటారు. బెంగళూరు షాపుల్లో కార్నిస్ అని అడిగితే చాలు. బీడింగ్ అని అడిగితే మాత్రం తలుపులకు, ఫొటో ఫ్రేములకు కొట్టే సన్న పట్టీ చేతిలో పెడతారు.

ఏ మెటీరియల్ అయితే మూలల దగ్గర తలనొప్పి తక్కువ?

మూల గురించి అసలు ఆలోచించకూడదనుకుంటే పీఓపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. పనివాళ్లు మూలను అక్కడికక్కడే ముద్దతో నింపి చేత్తో దిద్దేస్తారు. గోడ 90 డిగ్రీలు ఉన్నా 86 ఉన్నా వాళ్లకు ఒకటే. కాకపోతే ఇల్లంతా తెల్ల దుమ్ము, అది ఆరేదాకా పెయింట్ ఆగాలి. సామాను సర్దుకుని కాపురం ఉంటున్న ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దనే చెబుతాను.

సొంతంగా చేసుకునేవాళ్లకు నా ఓటు పాలీయూరిథేన్‌కు, అంటే షాపులో పీయూ అనే రకానికి. తేలికగా ఉంటుంది, చేతి రంపానికి చక్కగా తెగుతుంది, చెద పట్టదు, తేమకు ఉబ్బదు. కోత కాస్త అటూ ఇటూ అయినా శాండ్ పేపర్‌తో సరిచేయవచ్చు. ఎండీఎఫ్ (చెక్క పొట్టు నొక్కి చేసిన బోర్డు) చవకే గానీ బాత్రూమ్ గోడకు ఆనుకున్న చోట తేమ తగిలితే ఉబ్బుతుంది. థర్మోకోల్ రకం చాకుతోనే తెగుతుంది, నొక్కితే సొట్ట కూడా అంతే సులువుగా పడుతుంది. టేకు అందం వేరు, అందులో సందేహం లేదు. కానీ పాలిష్ చేసిన టేకు మీద పుట్టీతో తప్పు దాచలేం, కాబట్టి మొదటి ప్రయత్నం దాని మీద వద్దు.

మా గది 11 అడుగులు, 12 అడుగులు. ఎన్ని ముక్కలు కొనాలి?

చుట్టుకొలత 46 అడుగులు కాబట్టి 8 అడుగుల ముక్కలు ఆరు చాలనిపిస్తుంది. లెక్కకు చాలుతాయి, చేతికి చాలవు. ప్రతి గోడకూ ఒక నిండు ముక్క పోగా రెండు గోడలకు 3 అడుగులు, రెండు గోడలకు 4 అడుగులు మిగులుతాయి. ఒక్కో ముక్కలోంచి ఒక 3 అడుగులు, ఒక 4 అడుగులు తీస్తే మిగిలేది ఒక్క అడుగు, రంపం తినేసే మందం, ఏటవాలు కోతకు పోయే పొడుగు అందులోనే సర్దుకోవాలి. ఒక్క కోత తప్పినా ఏడోది కావాలి, కాబట్టి 8 కొనండి. ఆ ఎనిమిదోది ప్రాక్టీసుకు. మొదటి రోజే సగం అయిపోతుంది, నాకు మొత్తం అయిపోయింది.

షాపులో "38 కావాలా, 45 కావాలా" అని అడిగారు. ఏమిటవి?

కార్నిస్ వెనకవైపు గోడతో చేసే కోణం అది. 45 రకం గోడ మీదికి ఎంత దిగుతుందో సీలింగ్ మీదికీ అంతే వస్తుంది. 38 రకం గోడ మీద ఎక్కువ దిగుతుంది, సీలింగ్ మీద తక్కువ వస్తుంది. చెక్క, ఎండీఎఫ్‌లలో ఈ రెండూ దొరుకుతాయి. ఏదైనా ఫర్వాలేదు, అన్ని గదులకూ ఒకటే తీసుకోండి. కోసే మెషీన్ సెట్టింగ్ దీన్ని బట్టే మారుతుంది.

వార్డ్‌రోబ్ లాఫ్ట్ సీలింగ్ దాకా ఉంది. కార్నిస్ వేయొచ్చా?

ముందు లాఫ్ట్ తలుపు తెరిచి చూడండి. పక్క గోడ మీది కార్నిస్ 7 సెం.మీ. ముందుకు వచ్చిందంటే ఆ మూలనున్న తలుపు దానికి తగిలి సగంలోనే ఆగిపోతుంది. వార్డ్‌రోబ్ పక్కన తలుపుకు దారి వదిలి, కార్నిస్‌ను అక్కడే ముగించడం మేలు. ఏసీ ఇండోర్ యూనిట్ పైన కూడా గాలి పీల్చుకునే ఖాళీ తగ్గకుండా చూసుకోవాలి.

## కొలిచేటప్పుడు

కొత్త ఫ్లాటే కదా, మూలలు 90 డిగ్రీలు ఉండవా?

ఉండవు. లోపలి గోడలకు సాధారణంగా 12 మి.మీ. ప్లాస్టరింగ్ చేస్తారు. మేస్త్రీ తాపీ మూలలోకి పూర్తిగా వెళ్లదు కాబట్టి అక్కడ సిమెంటు కాస్త ఎక్కువ నిలుస్తుంది. దాని మీద రెండు మూడు కోట్ల పుట్టీ. చూడటానికి నున్నగా ఉంటుంది, మూలమట్టం పెడితే అసలు సంగతి బయటపడుతుంది. మా హాల్లో నాలుగు మూలలు కొలిస్తే 88, 91, 92, 90 వచ్చాయి. ఆ చివరిదాన్ని చూసి దండం పెట్టుకున్నాను.

మూల కోణం ఎలా కొలవాలి? నా దగ్గర టేపు తప్ప ఏమీ లేదు.

టేపు చాలు. సీలింగ్‌కు ఒక జానెడు కింద, మూల నుంచి ఒక గోడ మీద 60 సెం.మీ. దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. అదే ఎత్తులో రెండో గోడ మీద 80 సెం.మీ. దగ్గర ఇంకో గీత. ఇప్పుడు ఈ రెండు గీతల మధ్య దూరం గాలిలో నేరుగా కొలవండి. సరిగ్గా 100 సెం.మీ. వస్తే మూల 90 డిగ్రీలు. సుమారు 8 మి.మీ. తేడాకు ఒక డిగ్రీ లెక్క. 101.7 వచ్చిందంటే 92 డిగ్రీలు, 98.3 వచ్చిందంటే 88.

నేల దగ్గర కొలిచి సరిపెట్టుకోవద్దు. కింద సరిగ్గా ఉన్న మూల పైకి వెళ్లేసరికి మారిపోతుంది. స్టూలు ఎక్కాల్సిందే. నాలుగైదు మూలలకు మించి ఉంటే డిజిటల్ యాంగిల్ ఫైండర్ కొనేయండి. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో టూల్స్ షాపుల్లో అడిగితే చూపిస్తారు.

కోణం తెలిసింది. మరి రంపాన్ని ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టాలి?

180 లోంచి మూల కోణం తీసేసి సగం చేయండి. 90 అయితే 45. 92 అయితే 44. 88 అయితే 46. బే విండో (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ) దగ్గర వచ్చే 135 డిగ్రీల మూలకు 22.5. మూల వెడల్పు అయితే రంపం కోణం తగ్గుతుంది. చాలామంది తిరగేసి లెక్కేసి 92 మూలకు 46 కోస్తారు, సందు రెట్టింపవుతుంది.

సీలింగే వంకరగా ఉంది. సీలింగ్‌ను పట్టుకుని పోవాలా, లెవెల్‌ను పట్టుకుని పోవాలా?

పీయూ, థర్మోకోల్ రకాలు వంగుతాయి కాబట్టి కొద్దిపాటి ఎగుడుదిగుడులైతే సీలింగ్‌తోనే పోనివ్వండి. చెక్క, ఎండీఎఫ్ అలా వంగవు. వాటికి సీలింగ్ ఎక్కడ అన్నిటికంటే కిందికి ఉందో చూసి, అక్కడి నుంచి రసమట్టంతో గది చుట్టూ ఒకే గీత కొట్టి, కార్నిస్ కింది అంచు దానికి ఆనించండి. పైన మిగిలిన సందును పుట్టీతో నింపుకోవచ్చు. మూల దగ్గర రెండు ముక్కలూ ఒకే ఎత్తులో ఉండటం ముఖ్యం. ఒకటి 3 మి.మీ. కిందికి దిగినా డిజైన్ గీతలు కలవవు, కోత ఎంత బాగా కోసినా లాభం లేదు.

## కోసేటప్పుడు

ప్రతిసారీ తప్పు వైపు కోసేస్తున్నాను. గుర్తు పెట్టుకునే ఉపాయం ఉందా?

ఇది అందరికీ అయ్యేదే. కుడి, ఎడమ అని గుర్తు పెట్టుకోవద్దు, అంచుల పొడుగు గుర్తు పెట్టుకోండి. లోపలి మూలకు, అంటే మామూలు గది మూలకు, గోడను తాకే కింది అంచు పొడుగు. బయటి మూలకు, అంటే పిల్లర్ అంచులా ముందుకు పొడుచుకొచ్చేదానికి, సీలింగ్‌ను తాకే పై అంచు పొడుగు. కోసే ముందే కార్నిస్ వెనక "గోడ", "సీలింగ్" అని పెన్సిల్‌తో రాసి, ఏ అంచు పొడుగు ఉండాలో అక్కడ బాణం గుర్తు వేయండి.

మా బావమరిదికి ఇదంతా చెప్పి, నేనే వాళ్లింట్లో మూడో మూలకు తిరగేసి కోశాను. వాడింకా ఆ ముక్కను బాల్కనీలో దాచి, చుట్టాలొచ్చినప్పుడల్లా చూపిస్తాడు.

మైటర్ బాక్స్‌లో (కోణంలో కోయడానికి రంపం దూరే గాడులుండే పెట్టెలో) కార్నిస్‌ను ఎలా పెట్టాలి?

తలకిందులుగా. బాక్స్ అడుగు భాగం సీలింగ్ అనుకోండి, నిలువు పక్క గోడ అనుకోండి. సీలింగ్ అంచు అడుగున, గోడ అంచు నిలువు పక్కకు ఆనాలి. రెండు అంచులూ పూర్తిగా ఆనినప్పుడే కోణం సరిగ్గా వస్తుంది. కోస్తుంటే జారకుండా అడుగున ఒక చెక్క బద్దను అడ్డంగా మేకు కొట్టి పెట్టుకోండి.

మా కార్పెంటర్ మెషీన్ మీద కార్నిస్‌ను పడుకోబెట్టే కోస్తానంటున్నాడు. సెట్టింగ్ ఎంత చెప్పాలి?

బ్లేడు వంగే మెషీన్ అయితే అలా కోయవచ్చు. 90 డిగ్రీల మూలకు, 38 రకం కార్నిస్ అయితే బల్ల తిప్పు 31.6, బ్లేడు వంపు 33.9. 45 రకం అయితే బల్ల తిప్పు 35.3, బ్లేడు వంపు 30. మూల 90 కాకపోతే ఈ రెండు అంకెలూ మారతాయి. అందుకే వంకర మూలల ఇంట్లో పడుకోబెట్టి కోయడం కంటే తలకిందులుగా నిలబెట్టి కోయడమే నాకు నయం అనిపిస్తుంది. మారేది ఒక్క అంకే.

కోపింగ్ అంటే ఏమిటి? అది అంత అవసరమా?

లోపలి మూలలకు అవసరమే. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి.

రెండు ముక్కలనూ 45 లో కోసి కలిపితే మూల ఖచ్చితంగా 90 ఉంటేనే అతుకు మూసుకుంటుంది. కోపింగ్‌లో మొదటి ముక్కను ఏటవాలు లేకుండా నేరుగా కోసి, మూల గోడకు తగిలేదాకా తోసేస్తారు. రెండో ముక్క కొసను మొదటి ముక్క డిజైన్ ఆకారంలోనే చెక్కి, దాని మీద తొడుగుతారు. అప్పుడు మూల 88 ఉన్నా 92 ఉన్నా ముందువైపు గీత మూసుకునే ఉంటుంది.

చేసే పద్ధతి ఇది. రెండో ముక్కను ముందు మామూలు లోపలి మూలకు కోసినట్టే 45 లో కోయండి. కోసిన చోట డిజైన్ అంచు ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత మీద పెన్సిల్ పక్కకు వంచి రుద్దితే నల్లగా తేలుతుంది. సన్న బ్లేడు ఉండే కోపింగ్ రంపంతో ఆ నల్ల గీత వెంబడే కోయాలి. ఒక్క మెలకువ: రంపాన్ని వెనక్కి వంచి పట్టుకోండి, వెనక భాగం ముందు భాగం కంటే ఎక్కువ తెగిపోవాలి. చివరికి కొస పలచటి పెదవిలా మిగులుతుంది. వంపుల దగ్గర గుండ్రటి ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, ఒక తుక్కు ముక్క మీద తొడిగి చూడండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తుందో దానికి ఎదురుగా ఎత్తుగా ఉన్న చోట ఇంకా కొంచెం తీయాలి.

నాకు మొదటి కోపింగ్‌కు గంట పట్టింది. నాలుగోదానికి పావుగంట. ఎండీఎఫ్‌లో కొస విరుగుతుంది కాబట్టి తొందరపడొద్దు, మాస్కు తప్పనిసరి. లోపల బోలుగా ఉండే పీవీసీకి మాత్రం ఇది పనికిరాదు, పలచటి రేకుల్లాంటి గోడలు తప్ప చెక్కడానికి అక్కడ సరుకే ఉండదు. దానికి కొలిచిన కోణంలో కోయడమో, రెడీమేడ్ మూల ముక్క పెట్టుకోవడమో చేయాలి.

## మొండి మూలలు

పిల్లర్ బయటి మూల దగ్గర ఎప్పుడూ ముందువైపే సందు వస్తోంది.

బయటి మూలకు కోపింగ్ కుదరదు, కోణం కొలిచి కోయాల్సిందే. అర డిగ్రీ ఎక్కువ పెట్టి కోయండి, 45 బదులు 45.5. అప్పుడు ముందు కొసలు గట్టిగా కలుస్తాయి, సందు వెనక్కి పోతుంది, అది ఎవరికీ కనపడదు. రెండు ముక్కలనూ కిందే జిగురుతో అతికించి, ఆరాక ఒకే ముక్కగా పైకి ఎక్కించడం ఇంకా మంచిది. చెక్కలో వెంట్రుకంత సందు మిగిలితే స్క్రూడ్రైవర్ కడ్డీతో రెండు వైపుల నుంచీ కొసను మెల్లగా రుద్దండి, నార లోపలికి వంగి మూసుకుంటుంది.

బీమ్ గోడకంటే 4 సెం.మీ. బయటికి వచ్చింది. ఆ చిన్న ముక్క ఎలా కోయాలి?

బెంగళూరు ఫ్లాట్లలో అందరినీ ఏడిపించేది ఇదే. గోడ సన్నం, బీమ్ లేదా కాలమ్ వెడల్పు కావడంతో ఒక లోపలి మూల, వెంటనే ఒక బయటి మూల వస్తాయి. కార్నిస్ 7 సెం.మీ. ముందుకు వచ్చేది, మెట్టు చూస్తే 4 సెం.మీ.లే, ఇందులో ఎలా పడుతుందని భయపడతారు. పడుతుంది. ఆ ముక్కకు పై అంచు, కింది అంచు రెండూ 4 సెం.మీ.లే. రెండు కోతలూ ఒకే వైపు వాలి సమాంతరంగా ఉంటాయి.

అంత చిన్న ముక్కను చేత్తో పట్టుకుని మెషీన్ మీద కోయకండి, వేళ్లు పోతాయి. పొడుగు ముక్క కొసన మొదటి కోత కోసి, కోణం మార్చకుండానే 4 సెం.మీ. జరిపి రెండో కోత కోయండి. చేతి రంపమైతే ఇంకా క్షేమం. ఈ బుడ్డ ముక్కకు మేకు కొట్టొద్దు, పగులుతుంది. జిగురు చాలు.

కాలమ్ ముఖం 23 సెం.మీ. ముక్క ఎంత పొడుగు కోయాలి?

రెండు పక్కలా బయటి మూలలే కాబట్టి కింది అంచు 23. పై అంచుకు రెండు వైపులా కార్నిస్ ముందుకు వచ్చే కొలత కలపాలి. 7 సెం.మీ. రకం అయితే 23 + 14 = 37. గోడలో గూడులాంటి చోట ఇది తిరగబడుతుంది: 30 సెం.మీ. గూడుకు కింది అంచు 30, పై అంచు 16. గూడు 14 సెం.మీ. కంటే ఇరుకైతే పై అంచుకు చోటే ఉండదు. అలాంటి చోట లోపలికి పోకుండా పైన ఒక పలక కొట్టి మూసేసి, కార్నిస్‌ను నేరుగా దాటించేయండి.

మూల గుండ్రంగా దిద్దేశారు. 45 లో కోస్తే కొస గాలిలో నిలబడుతోంది.

మూలను రెండు మలుపులుగా విడగొట్టండి. రెండు పెద్ద ముక్కల మధ్య ఒక చిన్న ముక్క పెట్టి, రెండు అతుకులకూ అన్ని కోతలూ 22.5 లో కోయాలి. చిన్న ముక్క పొడుగు లెక్కతో తేలదు, అట్టముక్క కత్తిరించి రెండు మూడుసార్లు పెట్టి చూసుకోవాల్సిందే.

హాల్, కిచెన్ మధ్య గోడ సగంలో ఆగిపోయింది. కార్నిస్ కొస ఎలా ముగించాలి?

కొసను బయటి మూలలా 45 లో కోసి, వెనక్కి గోడలోకి తిరిగే బుల్లి ముక్కను జిగురుతో అతికించండి. పక్క నుంచి చూసినా డిజైన్ గోడలోకి వెళ్లి ముగిసినట్టుంటుంది. నేరుగా కోసి వదిలేస్తే లోపలి పచ్చి మెటీరియల్ కనిపిస్తూనే ఉంటుంది.

## బిగించేటప్పుడు

వీడియోల్లో మేకుల గన్‌తో టకటకా కొట్టేస్తున్నారు. మన గోడకు అలా దిగుతుందా?

దిగదు. ఆ వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ గోడ లోపల చెక్క ఫ్రేము ఉంటుంది. మనది సిమెంటు బ్లాకు, ఆర్‌సీసీ (ఇనుప కడ్డీల కాంక్రీటు). బరువైన చెక్క కార్నిస్‌కు ముందు గోడకు డ్రిల్ చేసి, ప్లగ్ పెట్టి, స్క్రూలతో ప్లైవుడ్ బద్ద బిగించండి. కార్నిస్‌ను తల లేని మేకులతో ఆ బద్దకు కొట్టుకోవచ్చు. గోడలన్నీ కాంక్రీటుతోనే పోసిన కొత్త టవర్లలో మామూలు డ్రిల్ గోడను గీరడం తప్ప ఏమీ చేయదు, హ్యామర్ డ్రిల్ తెచ్చుకోవాలి. పీయూ, థర్మోకోల్ అయితే జిగురే ఆధారం.

డ్రిల్ చేసే ముందు స్విచ్ బోర్డుకు నిటారుగా పైన, ఏసీ పాయింట్ చుట్టుపక్కల కరెంటు వైర్ల పైపులు పోతుంటాయని గుర్తుంచుకోండి. మెయిన్ ఆపి, డ్రిల్‌కు వేరే చోట నుంచి వైరు లాక్కోండి.

జిగురు పెట్టాను, రాత్రికి రాత్రే ఊడి పడింది.

గోడ మీద సున్నమో, పాత డిస్టెంపరో ఉండి ఉంటుంది. జిగురు దానికి పట్టింది, అది గోడను వదిలింది. కార్నిస్ ఆనే చోట గోడ, సీలింగ్ రెండింటినీ గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక అతికించండి. థర్మోకోల్ రకానికి ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ జిగురు వాడితే మెటీరియలే కరిగిపోతుంది, డబ్బా మీద పాలీస్టైరిన్‌కు (థర్మోకోల్ అసలు పేరు) పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి.

ఒక్కణ్ణే బిగించగలనా?

దూరపు కొస కింది అంచు ఎక్కడికి వస్తుందో అక్కడ గోడకు ఒక మేకు తాత్కాలికంగా కొట్టి, ముక్కను దాని మీద ఆనించి ఇవతలి కొస బిగించుకోవచ్చు. 8 అడుగుల ముక్కకు మాత్రం ఇంట్లో ఎవరినైనా పిలవండి.

కార్పెంటర్‌తో మాట్లాడేటప్పుడు ఏం అడగాలి?

రేటు రన్నింగ్ ఫుట్ లెక్కన, అంటే పొడుగులో అడుగుకు ఇంత అని చెబుతారు. మూలలకు, కాలమ్ చుట్టూ మలుపులకు వేరే ఛార్జి ఉందా అని ముందే అడగండి. లేకపోతే చివరి రోజు గొడవ. ఇక్కడి కార్పెంటర్లలో హిందీ మాట్లాడేవాళ్లు చాలామంది, వాళ్ల కొలత సూత్‌లో ఉంటుంది. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మి.మీ. "ఏక్ సూత్ కా గ్యాప్ చలేగా" అన్నాడంటే మూలలో 3 మి.మీ. సందు వదులుతానని. చలేగా కాదు అని అప్పుడే చెప్పండి.

## ఫినిషింగ్, ఆ తర్వాత

సందులు దేనితో నింపాలి? సిలికాన్ పెట్టొచ్చా?

వద్దు, మామూలు సిలికాన్ మీద పెయింట్ అంటదు. పెయింట్ వేసుకోగల అక్రిలిక్ సీలెంట్ తీసుకోండి. సన్నగా పెట్టి, తడివేలితో ఒక్కసారి లాగి వదిలేయండి. 3 మి.మీ. దాటిన సందును సీలెంట్‌తో నింపితే ఆరాక లోపలికి గుంట పడుతుంది. అంత సందుంటే ముక్కను తీసి మళ్లీ కోయడమే పని.

ఆరు నెలల తర్వాత మూలలో సన్నటి గీత పడింది. పని చెడిపోయినట్టేనా?

చెక్క, ఎండీఎఫ్ వానాకాలం తేమ పీల్చి కొద్దిగా ఉబ్బుతాయి, ఎండలు ముదిరేసరికి తగ్గుతాయి. ఆ కదలిక అతుకు దగ్గర బయటపడుతుంది. జులైలో కంగారుపడి నింపకండి. బెంగళూరులో గాలి బాగా పొడిగా ఉండే ఫిబ్రవరి, మార్చిల్లో గీత అన్నిటికంటే వెడల్పుగా తెరుచుకుంటుంది, అప్పుడు అక్రిలిక్ సీలెంట్ పెట్టి పైన పెయింట్ తాకించండి. దానికోసం మిగిలిన పెయింట్‌ను చిన్న సీసాలో పోసి, మూత మీద షేడ్ నంబరు, గది పేరు రాసి పెట్టుకోవాలి. నేను రాయలేదు. మా హాల్లో 92 డిగ్రీల మూల ఇప్పటికీ మిగతా మూడింటికంటే కాస్త పసుపుగా ఉంటుంది.